రోగికి కాలక్షేపమా?

గత నెలలో ఒక ఆదివారపు అనుబంధంలో, దీర్ఘవ్యాధులున్నవారు మనసును చురుకుగా ఉంచుకోవడం ఎలాగో బోధించే వ్యాసం ఒకటి వచ్చింది. పత్రిక పేరు అనవసరం. ఏ పత్రిక తిరగేసినా ఏడాదికొకసారైనా ఇదే వ్యాసం ఇదే బొమ్మతో దర్శనమిస్తుంది. మా దూరపు బంధువు ఒకాయన దానిని శ్రద్ధగా కత్తిరించి, పైన ఎఱ్ఱసిరాతో "తప్పక చదవవలెను" అని వ్రాసి మరీ పంపించారు. చదివాను. సుడోకు నింపమన్నారు. బొమ్మలకు రంగులు వేయమన్నారు. కుండీలలో మొక్కలకు నీళ్ళు పోయమన్నారు. దిగులు పుట్టించే పుస్తకాల జోలికి పోవద్దన్నారు. ఇవన్నీ చేస్తే బాధ తగ్గిపోతుందని హామీ కూడా ఇచ్చారు. చిట్టచివర చక్రాల కుర్చీలో కూర్చున్న స్టీఫెన్ హాకింగ్ బొమ్మ వేసి, ఆయనకు సాధ్యమైనది మీకెందుకు కాదని నిలదీశారు.

నిలదీశారు గనుక జవాబు చెప్పవలసి వచ్చింది. కాస్త ఘాటుగా ఉంటే మన్నించగలరు.

ముందుగా నా అర్హత. నాకు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ వచ్చి పదిహేడేళ్ళు దాటింది. మనవాళ్ళు కీళ్ళవాతమంటారు గాని, ముసలితనంలో మోకాళ్ళరిగే జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థ తన కీళ్ళమీదికే తాను యుద్ధానికి పోవడం దీని లక్షణం. తెల్లవారి లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి. కాఫీ గ్లాసు పట్టుకోవాలంటే గంటసేపు ఆగాలి. వారానికి ఒకే ఒక్క రోజు మింగవలసిన మెథోట్రెక్సేట్ మాత్రలు శనివారం రాత్రి వేసుకుంటాను, ఆదివారమంతా వికారంతో పోతుంది. ఈ జబ్బు తగ్గేది కాదు, అణగి ఉండేది. అణగి ఉన్నన్నాళ్ళూ దానితో కాపురం, రేగినప్పుడు యుద్ధం. ఇంతకంటె నా రోగచరిత్ర చెప్పి మిమ్మల్ని విసిగించను.

నా అభ్యంతరం ఆ వ్యాసంలో ఆరేడుచోట్ల కనబడిన ఒక్క మాటతో మొదలవుతుంది: కాలక్షేపం. రోగికి మంచి కాలక్షేపం ఉండాలట. క్షేపమంటే విసరివేయడం. ఎవరి దగ్గర కాలం తక్కువగా ఉన్నదో, ఉన్న కాలంలో కూడా సగం నొప్పికీ, మందులకూ, ఆసుపత్రి బెంచీలకూ పన్నుగా కట్టవలసి వస్తున్నదో, ఆ మనిషిని పట్టుకుని మిగిలిన కాలాన్ని ఎలా విసరివేయాలో నేర్పుతున్నారన్నమాట! ఇక్కడొక పిట్టకథ. శ్రీవైష్ణవ సంప్రదాయంలో కాలక్షేపమంటే గురువు ముందు కూర్చుని శ్రీభాష్యం వంటి గ్రంథాన్ని పంక్తి పంక్తీ విడదీసుకుంటూ అధ్యయనం చేయడం. ఏళ్ళ తరబడి సాగే కఠినమైన చదువు అది. ఆ మాటే జారి జారి పేకాటకూ, టీవీ ధారావాహికలకూ పేరైంది. రోగికి కాలక్షేపం కావాలని మీరు ఆ పాత అర్థంలో అంటే నాకు పేచీయే లేదు. అలా అనరని తెలుసు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బుద్ధికి పని ఉండడం రోగికి మందూ కాదు, వినోదమూ కాదు. అది ఆరోగ్యవంతులకు ఎంత సహజమో రోగులకూ అంతే సహజమైన హక్కు. దానిని మందుగా చూపించేవారూ, విశ్రాంతి పేరుతో లాగివేసేవారూ పైకి ప్రత్యర్థులలాగా కనబడతారు గాని, ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. జబ్బుపడిన మనిషిలో జబ్బు తప్ప మరేమీ మిగలలేదని అనుకుంటున్నారు.

విశ్రాంతివాదుల సంగతి ముందు చూద్దాం. వీరి పరంపర పెద్దది. అమెరికాలో వైర్ మిచెల్ అనే నరాల వైద్యుడు పందొమ్మిదో శతాబ్దంలో విశ్రాంతి చికిత్స అనే పద్ధతికి పేరు పొందాడు. పక్కమీద పడుకోబెట్టడం, బాగా తినిపించడం, చదువూ వ్రాతా మాన్పించడం. 1887లో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అనే యువతి, ప్రసవానంతరం పట్టుకున్న విషాదం వదలక, ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను ఇంటికి పంపుతూ చెప్పిన పథ్యమేమిటో ఆమే తరువాత వ్రాసింది: వీలైనంత గృహజీవితం గడపాలి, బిడ్డను ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలి, బుద్ధితో చేసే పని రోజుకు రెండు గంటలు మించకూడదు, బ్రతికినంతకాలం కలం గాని కుంచె గాని ముట్టరాదు. మూడు నెలలు పాటించేసరికి ఆమె మతి చలించే అంచుదాకా వెళ్ళింది. ఆ తరువాత పథ్యాన్ని గాలికి వదిలి మళ్ళీ పనిలో పడింది, కోలుకున్నది, 1892లో "ఎల్లో వాల్‌పేపర్" అనే కథ ప్రకటించింది. పడకగది గోడకాగితం తప్ప చూడడానికీ ఆలోచించడానికీ ఏమీ లేకుండా చేస్తే ఒక స్త్రీ బుద్ధి ఏమవుతుందో ఆ కథ.

ఆ పథ్యంలో ఒక తమాషా గమనించారా? కలం ముట్టరాదు గాని బిడ్డను ఎప్పుడూ చూసుకుంటూ ఉండాలి. అంటే ఆడదానికి చదువు శ్రమ, చాకిరీ విశ్రాంతి. ఇది ఫిలడెల్ఫియాకే పరిమితమైన విజ్ఞానమని పొరబడకండి. నాకు జబ్బు నిర్ధారణ అయిన ఏడాది మా పెద్దాడబడుచు చూడవచ్చి, నా చేతిలో తిక్కన భారతం చూసి, "ఎందుకమ్మాయ్, ఒంట్లో బాగులేనప్పుడు ఈ బుర్రబద్దలు చేసుకోవడాలు? హాయిగా పడుకోరాదూ!" అన్నారు. "అలాగే వదినగారూ" అని పుస్తకం మూశాను. పావుగంట తరువాత ఆవిడే, "నీ చేతి పులిహోర తిని ఎన్నాళ్ళయిందో!" అన్నారు. లేచి చింతపండు పిసికాను. ఆ రోజుల్లో చింతపండు పిసకడమంటే నా మణికట్టుకు ఏమిటో ఆవిడకు తెలియదు; తెలిస్తే అడిగి ఉండేవారు కాదు, మంచి మనిషి. అయినా ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ ఆ వరస వింతగా తోచలేదు. నాకూ తోచలేదు. విశ్రాంతి పేరు చెప్పి నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నవారు పదిమందికి తక్కువ లేరు. గరిటె తీసుకున్నది మాత్రం మా వారొక్కరే, అదీ నాలుగేళ్ళ తరువాత.

ఇప్పుడు నా పాపం చెప్పుకోవాలి. లేకపోతే ఈ వాదమంతా ఇతరులను ఏకడానికే అవుతుంది.

మా అమ్మకు పార్కిన్సన్స్ వ్యాధి వచ్చింది. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆవిడ పద్దుల పుస్తకం వ్రాసేది. పాలవాడి లెక్క, చాకలి పద్దు, చీటీపాట వాయిదాలు, ఎవరి పెళ్ళికి ఎంత చదివించామో ఆ వివరం. పార్కిన్సన్స్‌లో చెయ్యి వణకడం అందరికీ తెలుసు గాని, దస్తూరీ చిన్నదైపోవడం కూడా దాని లక్షణమే. పంక్తి మొదట్లో ఉన్న అక్షరం చివరికి వచ్చేసరికి ఆవగింజంత అయ్యేది. అరపేజీ వ్రాయడానికి మధ్యాహ్నమంతా పట్టేది. చూడలేక నేనూ మా తమ్ముడూ ఒకనాడు తీర్మానం చేసుకుని, "ఇంకెందుకమ్మా నీకీ అవస్థ, మేం చూసుకుంటాంలే" అని ఆ పుస్తకం తీసుకుపోయాం. ఆవిడ ఏమీ అనలేదు. పెన్ను మూతపెట్టి ఇచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి పాలవాడు వచ్చాడా అని అడగడం మానింది. ఆ తరువాత ఇవాళ ఏ వారమని అడగడం మానింది. అది వ్యాధి ముదరడమే కావచ్చు, పార్కిన్సన్స్‌లో బుద్ధి మందగించడమూ ఉంటుందని వైద్యులు చెబుతారు. నేను కాదనను. కాని ఆ పుస్తకాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకున్నది వ్యాధి కాదు. ఆవిడ పోయిన తరువాత చివరి నాలుగు పేజీలూ భూతద్దం పెట్టుకుని కూడి చూశాను. ఒక్క పైసా తేడా లేదు.

ఇక రెండో పక్షం, ఉత్సాహవాదులు. వీరు మనల్ని పడుకోనివ్వరు. లే, నవ్వు, జయించు అంటారు. వీరి చేతిలో హాకింగ్ బొమ్మ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ మహానుభావుడి పట్ల నాకు గౌరవం లేక కాదు. 1963లో, ఇరవైయొక్క ఏళ్ళ వయసులో కండరాలు క్షీణించే వ్యాధి బయటపడి, 2018 దాకా జీవించి, చివరిదాకా ఆలోచించిన మనిషి. అయితే ఆ బొమ్మలో కనబడనివి కొన్ని ఉన్నాయి. 1985లో గొంతుకు రంధ్రం చేసిన తరువాత ఆయనకు ఇరవైనాలుగు గంటలూ నర్సులు కావలసి వచ్చారు, వారి ఖర్చుకు ఒక సంస్థ సొమ్ము ఇచ్చింది. మాట పోయినవాడికి మాట్లాడే యంత్రం తయారుచేసి ఇచ్చినవారున్నారు. విశ్వవిద్యాలయం ఆయన కుర్చీని ఆయనకే ఉంచింది. మన ఊరి పాఠశాలలో కీళ్ళవాతం వచ్చిన పంతులమ్మకు నేలతరగతికి మార్పు కావాలంటే ఎన్ని అర్జీలు పెట్టాలో ఉత్సాహవాదులు ఒకసారి కనుక్కోవాలి. ఆ నర్సులనూ ఆ యంత్రాన్నీ ఆ ఉద్యోగాన్నీ వదిలేసి ఆయన చిరునవ్వు ఒక్కటీ తెచ్చి మాకు చూపిస్తే ఎలా?

డార్విన్ ఉదాహరణ నాకు ఇంతకంటె నచ్చుతుంది, ఎందుకంటే అందులో జయం లేదు. దాదాపు నలభై ఏళ్ళు ఆయనకు వాంతులు, నీరసం, గుండెదడ. జబ్బేమిటో ఈనాటికీ తేలలేదు. 1842లో డౌన్ అనే పల్లెకు చేరి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. పొద్దున గంటన్నర పని, కాస్త ఆగి మళ్ళీ గంటన్నర, బాగున్న రోజున కూడా అంతకంటె పెద్దగా లేదు. మిగిలిన వేళ సోఫామీద పడుకుంటే భార్య ఎమ్మా నవలలు చదివి వినిపించేది. 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు, అడ్డుపడిన జబ్బుతో సహా, రాళ్ళకూ ఓడలకూ అంటుకునే బార్నకిల్స్ అనే చిన్న జీవుల మీద పనిచేశాడు. ఆ పని ఆయన రోగాన్ని కుదర్చలేదు. కుదర్చాలని ఆయన చేయనూ లేదు. (తండ్రి ఆస్తి ఉన్నది, నౌకర్లున్నారు, వంట చేయనక్కర లేదు. అన్నీ ఒప్పుకుందాం.)

కుదర్చదనడానికి మనకు దగ్గరి సాక్ష్యం రామానుజన్. 1919లో ఇంగ్లండు నుంచి చిక్కి శల్యమై మదరాసుకు తిరిగివచ్చాడు. క్షయ అన్నారు, కాలేయంలో అమీబా చేరి ఉండవచ్చని 1994లో ఒక పరిశోధకుడు వాదించాడు. ఏదైతేనేం, ఆ స్థితిలో 1920 జనవరిలో హార్డీకి ఉత్తరం వ్రాస్తూ మాక్ తీటా ప్రమేయాలనే కొత్త వస్తువును పరిచయం చేశాడు. ఏప్రిల్ 26న కన్నుమూశాడు, ముప్పైరెండేళ్ళకు. ఆ చివరి ఏడాది వ్రాసిన వందకు పైగా పుటలు 1976 దాకా కేంబ్రిడ్జి గ్రంథాలయంలో ఎవరి కంటా పడకుండా ఉన్నాయి. ఆ ప్రమేయాల గుట్టు 2002లో గాని సరిగా విడలేదు. మెదడుకు పని ఇస్తే రోగం తగ్గుతుందని చెప్పేవారు ఈ తేదీలను ఒకసారి చూడాలి. తగ్గలేదు. మెదడుకు శ్రమ ఇవ్వకూడదని చెప్పేవారు కూడా చూడాలి. ఎవరైనా ప్రేమతో ఆ కాగితాలు లాగేసుకుని ఉంటే ఆయన మరో నాలుగు నెలలు బ్రతికేవాడేమో, నాకు తెలియదు. ఆయనను అడిగితే ఆ బేరానికి ఒప్పుకునేవాడని మాత్రం నేను నమ్మను.

అంతటివాళ్ళను పట్టుకుని మాట్లాడుతున్నాను గాని మనం సామాన్యులం. నా బుద్ధికి నేను పెట్టుకున్న పని చాలా చిన్నది. రాత్రి రెండున్నరకు నొప్పితో మెలకువ వస్తుంది. దీపం వేస్తే ఇంట్లోవారు లేస్తారు, పుస్తకం పట్టుకునే బలం మణికట్టుకు ఉండదు. (సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటం నేను ఎత్తి పదేళ్ళయింది. నిఘంటువులను వెతుక్కునేలా తెరమీదికి చేర్చిన ఆంధ్రభారతి వారికి నా చేతులు ఋణపడి ఉన్నాయి.) అప్పుడు కంఠతా వచ్చిన పద్యమొకటి తీసుకుని చీకట్లో గణాలు విడదీస్తాను. భ ర న భ భ ర వ కుదిరితే ఉత్పలమాల, పదో అక్షరం దగ్గర యతి కలిసిందా లేదా చూసుకుంటాను. చదువుకునే రోజుల్లో వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడా కణుపులే వాచి ఉంటాయి కనుక లెక్క పూర్తిగా మనసులోనే జరగాలి. అవధానులు కలం కాగితం లేకుండా పద్యాలను పాదం పాదంగా కట్టి, చివర అన్నీ వరసగా అప్పజెబుతుంటే ఒకప్పుడు అది గారడీ అనుకునేదాన్ని. చేతులు పనికిరాని రాత్రులలో ఆ విద్య ఎవరికి కావాలో అర్థమైంది. తెలుగు పద్యం నాలుగు పాదాలే ఉండడం రోగికి గొప్ప సదుపాయం. నవల అయితే ఎక్కడ ఆపామో మరచిపోతాం.

రెండో పని, నొప్పి పేర్లు పోగుచేయడం. ఆసుపత్రిలో నొప్పి ఎంత, సున్నా నుంచి పదిలోపు చెప్పమంటారు. ఇరవైయెనిమిది కీళ్ళు నొక్కి చూసి లెక్క కడతారు. పాదాలు ఆ లెక్కలోకి రావు. నా జబ్బు సగం పాదాలలోనే ఉండడం నా ఖర్మ. అంకె చెప్పి ఇంటికి వచ్చాక ఒకనాడు మన భాష ఏమంటుందో వ్రాసి చూసుకుందామని కూర్చున్నాను. నొప్పి ఒకటి, పోటు ఒకటి. పుండు సలుపుతుంది, జ్వరంలో కాళ్ళు తీపులు తీస్తాయి, బాగా నడిస్తే పిక్కలు పీకుతాయి. పన్ను జివ్వుమంటుంది, నడుము కలుక్కుమంటుంది, కడుపు మెలిపెడుతుంది, నరం గుంజుతుంది. ఇవి పర్యాయపదాలు కావు. నడుము సలిపిందని గాని, పుండు కలుక్కుమన్నదని గాని ఎవరూ అనరు. నూటపదిహేను దాకా చేరాయి. మీ ప్రాంతపు మాటలు పంపితే చేర్చుకుంటాను. ఒకసారి మా వైద్యురాలితో "ఆరు" అనడానికి బదులు "పీకు తగ్గింది, పోటు మొదలైంది" అన్నాను. ఆవిడ తెలుగుబిడ్డ. కలం ఆపి, ఏ కీలులో అని అడిగింది.

దీనివల్ల నాకు నొప్పి తగ్గిందా అని అడగకండి. తగ్గలేదు.

పని జరగని రోజులు చాలా ఉంటాయి. ఇది దాచడం ఉత్సాహవాదుల అలవాటు. జబ్బు రేగినప్పుడు చదివిన వాక్యమే నాలుగుసార్లు చదువుతాను. తెలిసిన మనిషి పేరు నోటికి రాదు. మెదడు తడిసిన దూది అవుతుంది. ఇందులో సోమరితనమేమీ లేదు. ఒంట్లో మంట రగులుతూ ఉండడం, నిద్ర ముక్కలు కావడం, రక్తహీనత, కొన్ని మందులు, అన్నీ కలిసి చేసే పని. హీమోగ్లోబిన్ పడిపోతే ఎంత ఇష్టమైన పుస్తకమైనా అక్షరాల గుంపే అవుతుంది. వారాల తరబడి దేనిమీదా ఆసక్తి పుట్టకపోతే, బ్రతుకే వద్దనిపిస్తే, అది కుంగుబాటు కావచ్చు. దానికి వైద్యం ఉన్నది. పద్యం చదివితే పోతుందని చెప్పేవాడి మాట నమ్మవద్దు, నేను చెప్పినా సరే. మొద్దుబారడం కూడా రోగలక్షణమేనని వైద్యులకు చెప్పుకోవాలి. మనం చెప్పం. కీళ్ళు వాచాయని చెబుతాం గాని బుద్ధి వాచిందని చెప్పడానికి సిగ్గు.

చివరగా ఒక పిటిషను. మా పిన్నిగారి అబ్బాయికి మూత్రపిండాలు పనిచేయవు. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు డయాలిసిస్. ఏడాదికి ఆరువందల గంటల పైమాట. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటినుంచీ మన దగ్గర పేదవాడికి కూడా ఆ యంత్రం అందుబాటులోకి వచ్చింది, అది చిన్న విషయం కాదు. కాని తోడుగా వెళ్ళి ఒక పూట కూర్చున్నాను. ఎడమచేతికి సూదులు, ఆ చెయ్యి కదలరాదు. ఒంటిచేత్తో పుస్తకం పట్టుకోలేడు, పేజీ తిప్పలేడు. దీపం సరిగ్గా కంటిలోకి కొడుతుంది. ఎదురుగా గోడమీద టీవీలో అత్తాకోడళ్ళ ధారావాహిక, ఎవరూ తగ్గించలేనంత శబ్దంతో. పడకలన్నీ నిండి ఉన్నాయి. అందులో ఒకరు బడిపంతులు, ఒకరు తాపీమేస్త్రీ, ఒక పిల్ల ఇంజినీరింగు చదువుతున్నది. "ఆ టీవీ కట్టెయ్యమంటే ఏమంటారురా?" అని మావాడిని అడిగాను. "అందరికీ కాలక్షేపం కద అక్కా, ఎలా కట్టేస్తారు?" అన్నాడు.

పుస్తకం నిలబెట్టుకునే చెక్క స్టాండు ఒకటి, మెడ వంచితే పక్కకు తిరిగే దీపం ఒకటి, చెవిలో పెట్టుకుని వినే సాధనం ఒకటి. ఒక్కొక్క పడకకు ఈ మూడూ ఇవ్వడానికి ఆ యంత్రం ఖరీదులో ఎన్నోవంతు అవుతుంది? స్టాండు వడ్రంగి చేత చేయించి మావాడికి ఇచ్చాను. పక్క పడక పంతులుగారు తనకూ ఒకటి కావాలన్నారట, మేస్త్రీగారు కొలతలు తీసుకుని తానే చేయిస్తానన్నారట. ఆ ఆదివారపు అనుబంధం వారికి ఈ సంగతి వ్రాద్దామనుకుంటున్నాను. రేపు మాత్రం కాదు. ఇవాళ శనివారం, మాత్రలు వేసుకోవాలి.